దర్రీ పేరు మనది, గీత ఎవరిది?

వరంగల్ కొత్తవాడలో నేసే దర్రీల, అంటే నూలు జంపఖానాల గొడవ మళ్లీ రాజుకుంది. క్లస్టర్ స్టడీకని, అంటే నేతగాళ్ల మధ్య ఉండి వాళ్ల పని చూసి రాసుకోవడానికని వచ్చిన ఒక డిజైన్ విద్యార్థి ఇక్కడి మగ్గం మీద చూసిన నమూనానే కాస్త రంగు మార్చి తన కలెక్షన్‌లో పెట్టుకున్నాడని, డిజైన్ రిజిస్ట్రేషన్‌కు కూడా అప్లై చేశాడని నేత కార్మికుల ఆరోపణ. 2025 జూన్‌లో మిలాన్ ర్యాంప్ మీద ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా చెప్పులు కనిపించి, అవి మన కొల్హాపురి చెప్పులే కదా అని దేశమంతా అడిగినప్పుడు ఇక్కడి వాళ్లకు అది కొత్త ప్రశ్న కాలేదు.

మొఘల్ సైన్యాల వెంట తివాచీ నేత వచ్చిందన్న కథ, 1934 నాటి ఆజంజాహి మిల్లు, అది మూతపడ్డాక రోడ్డున పడ్డ కుటుంబాలు... ఓరుగల్లు వాళ్లకు ఇవన్నీ మళ్లీ చెప్పక్కర్లేదు. ఇవాళ్టి తగువుకు అసలు ముడి పడింది అక్కడ కాదు. ఢిల్లీలో, ఆరు నెలలు తిరక్కముందే వచ్చిన రెండు చట్టాల దగ్గర.

ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినందుకు మన మేధో హక్కుల చట్టాలను దాని ఒప్పందానికి తగ్గట్టు మార్చుకోవాల్సి వచ్చింది. 1999 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు చట్టం, అంటే మనం జీఐ అంటున్నది, వచ్చింది. 2000 మేలో డిజైన్ల చట్టం వచ్చింది. మొదటిది ఊరి పేరును కాపాడుతుంది. వరంగల్ దర్రీకి 2018లో జీఐ దక్కింది కాబట్టి, ఎక్కడో నేసినదాన్ని వరంగల్ దర్రీ అని అమ్మకూడదు. సంతోషమే. కానీ దాని మీది గీతను, గడిని తీసుకుని వేరే పేరుతో అమ్ముకుంటే జీఐ పెద్దగా అడ్డుపడదు. రెండోది గీతనే కాపాడుతుంది. పదేళ్లు, కావాలంటే ఇంకో అయిదేళ్లు. షరతు ఒక్కటే, ఆ గీత కొత్తదై ఉండాలి. తాతల నాటి నుంచి నేస్తున్నది కొత్తది ఎలా అవుతుంది? అదే గీతకు అంచు మార్చి, ముదురు ఎరుపు తీసి లేత బూడిద రంగు వేస్తే మాత్రం కొత్తదని అప్లికేషన్ పెట్టే వీలుంది. తరాలుగా నేస్తున్నందుకే నేతగాడు అనర్హుడు, నిన్న వచ్చి చూసినందుకు విద్యార్థి అర్హుడు.

"మా తాత ఏసిన గడికి ఆ పిల్లగాడు హక్కుదారుడు ఎట్లయితడు?" అని ఒక పెద్దాయన అడుగుతుంటే పక్కనే ఆయన కోడలు నూలుకు చిటికి కడుతోంది. రంగు అంటకూడని చోట బిగించి చుడుతున్నది పాత సైకిల్ ట్యూబును సన్నగా కోసిన ముక్కతో. అద్దకం అయ్యాక విప్పి, ఆ ముక్కనే మళ్లీ వాడుతుంది. దీన్నే ఫొటో తీసి ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో 'సస్టెయినబుల్ ప్రాక్టీస్' అని రాసుకుంటే మార్కులు పడతాయి. ఆమెకు అది సరుకు వృథా కాకుండా చూసుకోవడం, అంతే.

తప్పు ఆ కుర్రాడి ఒక్కడిదే అనలేం. చదువే అలా నేర్పింది. మన దేశంలో డిజైన్ చదువుకు పునాది అనుకునే 1958 నాటి ఇండియా రిపోర్ట్‌లో అమెరికా డిజైనర్లు ఈమ్స్ దంపతులు మెచ్చుకున్నది మన చెంబును. దాన్ని ఏ ఒక్కరూ డిజైన్ చేయలేదని, తరతరాల చేతులు కలిసి తీర్చాయని వాళ్ల మాట. ఆ రిపోర్ట్ ఆధారంగానే 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ పుట్టింది. మరి ఈరోజు కాలేజీలో మార్కులేసే జ్యూరీ ముందు నిలబడ్డ విద్యార్థిని అడిగేది ఏమిటి? ఇందులో నీది ఏది, కొత్తది ఏది? చట్టం అడిగేదీ అదే. నేసినవాళ్ల పేర్లు రిపోర్ట్ చివర కృతజ్ఞతల పేజీలో ఉంటాయి, అదీ ఉంటే.

డిజైనర్ల వాదన కూడా ఉంది. గీతలు, గళ్లు, డైమండ్లు తమిళనాడులోని భవాని జంపఖానాల్లో ఉన్నాయి, పంజాబ్ దర్రీల్లో ఉన్నాయి, కాబట్టి ఇవి ఎవరి సొత్తూ కావంటారు. సిటీ ఫ్లాట్‌కు సరిపోయే సైజు, రంగు ఇవ్వకపోతే మగ్గమే ఆగిపోతుందంటారు. నిజమే కావచ్చు. ఎవరి సొత్తూ కానిదాన్ని రిజిస్టర్ చేయించుకోవడం ఎందుకన్నది మాత్రం చెప్పరు.

చట్టంలో నేతగాళ్లకు ఒక దారి ఉంది. రిజిస్టర్ అయిన డిజైన్ అంతకుముందే బయట ఉన్నదని రుజువు చేస్తే దాన్ని రద్దు చేయించవచ్చు. అందుకే ఇప్పుడు అటకల మీది ట్రంకు పెట్టెలు దిగుతున్నాయి. పాత దర్రీలు దొరుకుతున్నాయి కానీ వాటి మీద తేదీ లేదు. తేదీ ఉన్నవి నేతగాళ్ల సహకార సొసైటీ బిల్లు పుస్తకాలు. ఏళ్ల తరబడి సర్కారు హాస్టళ్లకు పంపిన సరుకు లెక్కలవి. ఒక పుస్తకం తెరిచి చూపించారు. సైజు, దర్రీలు ఎన్ని, రేటు ఎంత అన్నీ రాసి ఉన్నాయి. నమూనా కాలమ్ లేదు.