ధర కవరు తెరవకముందే పోయే టెండర్లు: సరఫరాదారుల అపోహలు – వాస్తవాలు

నెల్లూరు ఆటోనగర్‌లో లేతు పెట్టుకున్నవాళ్లకీ, ఒంగోలులో హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ షాపులున్నవాళ్లకీ పెద్ద కొనుగోలుదార్లు దూరంగా ఏమీ లేరు. దక్షిణాన శ్రీహరికోటలో షార్ ఉంది. ముత్తుకూరు మండలం నేలటూరులో థర్మల్ కేంద్రం ఉంది. గూడూరు నుంచి ఒంగోలు దాకా రైల్వే ఉండనే ఉంది. బోల్టులు, కేబుల్ లగ్గులు, గ్లాండ్ ప్యాకింగులు ఇలాంటి చోట్ల ఏడాది పొడవునా కొంటూనే ఉంటారు. టెండరు వేసి ఆర్డరు రానివాళ్లను అడిగితే రెండే కారణాలు చెబుతారు: రేటు కుదర్లేదు, లేదా ముందే మాట్లాడేసుకున్నారు. ఆ బిడ్లు తీసి చూస్తే చాలావరకు ధర దాకా వెళ్లినవే కావు, కాగితాల దగ్గరే ఆగిపోయి ఉంటాయి.

అపోహ: ఒకచోట రిజిస్టరైతే అన్నిచోట్లా టెండరు వేయొచ్చు.

షార్ కేంద్ర అంతరిక్ష శాఖది. దాని కొనుగోళ్లు జెమ్ (కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు వేదిక)లోనూ, ఇస్రో సొంత ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లోనూ కనిపిస్తాయి. రైల్వేకు ఐఆర్‌ఈపీఎస్ అనే సొంత పోర్టల్ ఉంది. థర్మల్ కేంద్రం రాష్ట్ర సంస్థ కాబట్టి ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ చూడాలి. దేని రిజిస్ట్రేషన్ దానిదే, దేని షరతులు దానివే. డిజిటల్ సిగ్నేచర్ మాత్రం క్లాస్ 3 తీసుకోండి, క్లాస్ 2 ఇవ్వడం 2021 జనవరి 1తోనే ఆగిపోయింది. సంతకంతో పాటు ఎన్‌క్రిప్షన్ (ఫైలుకు తాళం వేసే ఏర్పాటు) కూడా ఉన్నది కొనండి. సంతకం ఒక్కటే ఉన్నది చవగ్గా వస్తుందని తీసుకుంటే, ఎన్‌క్రిప్షన్ అడిగే పోర్టల్‌లో ఆఖరి రోజున చిక్కుకుంటారు. జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు), బ్యాంకు ఖాతా మూడింటిలో సంస్థ పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకదాంట్లో ‘ఎంటర్‌ప్రైజెస్’, ఇంకోదాంట్లో ‘ఎంటర్‌ప్రైజ్’ అని ఉన్నా ప్రశ్న వస్తుంది.

అపోహ: ఉద్యమ్ సర్టిఫికెట్ చూపిస్తే ఎక్కడా ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) కట్టక్కర్లేదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఈఎండీ మినహాయింపు, ఉచితంగా టెండరు పత్రాలు అనేవి 2012 నాటి కేంద్ర కొనుగోలు విధానం నుంచి వచ్చాయి. అది కేంద్ర శాఖలకూ, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. రాష్ట్ర సంస్థ టెండరులో మినహాయింపు ఉందని రాసి ఉంటేనే ఉన్నట్టు. రాసి లేకపోతే డబ్బు కట్టాల్సిందే. ఆ విధానం సూక్ష్మ, చిన్న సంస్థలకే, మధ్య తరహా వాటికి కాదు. సరుకు, సేవలకే, సివిల్ పనులకు కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. ఉద్యమ్‌లో ట్రేడర్‌గా నమోదైన షాపుకు ఈ లాభాలు వర్తించవు. ట్రేడర్లకు ఉద్యమ్ ఇచ్చింది బ్యాంకుల ప్రాధాన్య రంగ రుణాల కోసమే. ట్రంకు రోడ్డులో కొని కొనుగోలుదారు స్టోర్స్‌లో దించేవారు ఈఎండీ కట్టే వేయాలి. కేంద్ర సంస్థల్లో అది సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం ఉంటుంది.

తయారీదారులకు ఇందులో అసలు లాభం ఈఎండీ కూడా కాదు, ధర ప్రాధాన్యం. చిన్న సంస్థ కాని కంపెనీ యూనిట్ 100 రూపాయలకు ఎల్1గా, అంటే అందరికంటే తక్కువ ధరతో, వచ్చిందనుకోండి. మీరు 114 వేశారు. 15 శాతం లోపలే ఉన్నారు కాబట్టి 100కు దిగడానికి మీరు ఒప్పుకుంటే, అడిగిన 400 యూనిట్లలో 100 దాకా, అంటే 25 శాతం, మీకు వస్తాయి. విడదీయడానికి వీల్లేని సరుకైతే మొత్తం ఆర్డరూ ఇవ్వొచ్చు. 116 వేసినవారికి ఈ మాటే లేదు. ఈ లాభం కావాలని బిడ్‌లో టిక్ పెట్టే గడి ఉంటే, దాన్ని వదిలేసి తర్వాత ఉత్తరాలు రాసినా పని జరగదు.

అపోహ: అందరికంటే తక్కువ వేస్తే ఆర్డరు మనదే.

ఎల్1 అన్న మాట టెక్నికల్‌గా నెగ్గినవాళ్లకే. రెండు కవర్ల టెండరులో మొదటిదైన టెక్నికల్ కవరు పాసైతేనే రెండోదైన ధర కవరు తెరుస్తారు. మొదటి కవరులో పోయే కారణాలు ఏళ్లుగా మారడం లేదు.

టెక్నికల్ కవరులో ధర కనిపించడం ఒకటి. పాత కోటేషన్‌నే పీడీఎఫ్ చేసి అప్‌లోడ్ చేస్తారు, దాని కింద రేటు ఉంటుంది. అక్కడితో సరి. లెటర్‌ప్యాడ్ అడుగున అచ్చు వేయించిన షరతులు ఇంకోటి: ‘జీఎస్టీ, రవాణా అదనం. సరుకు గోడౌన్ దాటాక మా బాధ్యత లేదు. పేమెంటు అడ్వాన్సు’. షాపులో బిల్లుకు పనికొచ్చే ఆ వాక్యాలే టెండరులో షరతులతో కూడిన ఆఫర్ కింద లెక్కకొస్తాయి. టెండర్లకు వేరే లెటర్‌ప్యాడ్ వేయించుకోండి, ఖర్చెంత చెప్పండి.

తయారీ కంపెనీ ఇచ్చే ఆథరైజేషన్ లేఖలో టెండరు నంబరు లేకపోవడం, మేక్ ఇన్ ఇండియా డిక్లరేషన్‌లో శాతం రాయకపోవడం కూడా మామూలే. సరుకు విలువలో దేశంలో చేరిన స్థానిక వాటా 50 శాతం, అంతకు మించితే క్లాస్-1, 20 నుంచి 50 లోపు క్లాస్-2. శాతంతో పాటు ఆ విలువ ఏ ఊళ్లో చేరిందో కూడా రాయాలి.

స్పెసిఫికేషన్ పట్టికలో వరసగా ‘ఓకే, ఓకే’ అని రాసేవాళ్లున్నారు. వాల్వుకు 16 బార్ ఒత్తిడి అడిగితే ‘ఓకే’ కాదు, ‘16 బార్, కేటలాగ్ 7వ పేజీ’ అని రాయాలి. జతచేసిన కేటలాగ్‌లో 10 బార్ అని ఉంటే ‘ఓకే’ మిమ్మల్ని కాపాడదు.

ధర దగ్గరా పొరపాట్లు జరుగుతాయి. జెమ్‌లో వేసే రేటులో జీఎస్టీ, ప్యాకింగు, రవాణా, స్టోర్స్ దాకా దించే ఖర్చు అన్నీ కలిసి ఉండాలి. రివర్స్ ఆక్షన్ (ధర తగ్గించుకుంటూ పోయే వేలం) ఉన్న బిడ్‌లో కొన్నిసార్లు అందరికంటే ఎక్కువ వేసినవారిని వేలానికి ముందే తీసేస్తారు. వేలంలో తగ్గిద్దాంలే అని మొదట భారీగా వేస్తే ఆ వేలం దాకానే వెళ్లరు. రాష్ట్రంలో 2019లో తెచ్చిన రివర్స్ టెండరింగ్ 2024లో రద్దయింది. జెమ్‌కు దానితో సంబంధం లేదు, అక్కడ రివర్స్ ఆక్షన్ ఉంది.

అపోహ: అప్‌లోడ్ చేశాక పని అయిపోయినట్టే.

కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ తయారుచేసిన పోర్టళ్లలో ఫైళ్లన్నీ ఎక్కించాక ‘ఫ్రీజ్’ నొక్కాలి. నొక్కకపోతే బిడ్ వేయనట్టే. రసీదు వచ్చిందో లేదో చూసి ప్రింటు తీసుకోండి. బీఓక్యూ (సరుకు, పరిమాణం, రేటు ఉండే పట్టిక) ఎక్సెల్ ఫైలు పేరు మార్చకూడదు, గడులు కలపకూడదు, రేటు గడి తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. గడువు లెక్క సర్వర్ గడియారానిది, మీ చేతి వాచీది కాదు. ఆఖరి రోజు పొద్దున్నే సవరణలు ఏమైనా వచ్చాయేమో చూడండి. పరిమాణం మారిన సంగతి తెలియక పాత బీఓక్యూలోనే వేసేవాళ్లు ప్రతిసారీ ఒకరిద్దరుంటారు.

అపోహ: స్పెసిఫికేషన్ ఒకరికే సరిపోయేలా రాశారు, మనం చేసేదేం లేదు.

అలా రాసినవి ఉండవని అనం. కానీ ప్రశ్నలకు గడువు ఉన్నప్పుడే, టీ అంగట్లో కాక పోర్టల్‌లో అడగాలి. ‘ఇది అన్యాయం’ అని రాస్తే జవాబు రాదు. ‘ఫలానా క్లాజులో 12.5 మిల్లీమీటర్లు అని ఉంది, భారతీయ ప్రమాణం ప్రకారం వచ్చే సైజు 12, అది ఒప్పుకుంటారా’ అని రాస్తే జవాబివ్వక తప్పదు. బిడ్ తిరస్కరించాక కారణం అడిగే హక్కు కూడా మీకుంది, కేంద్ర ఆర్థిక నియమాల్లో 173వ నియమం అదే చెబుతుంది.

అపోహ: అనుభవం లేనివాళ్లకు దారి లేదు.

పనుల కాంట్రాక్టుల్లో తరచూ కనిపించే లెక్క ఇది: గత 7 ఏళ్లలో అంచనా విలువలో 40 శాతంవి మూడు, లేదా 50 శాతంవి రెండు, లేదా 80 శాతం పని ఒకటి చేసి ఉండాలి. సరుకు టెండర్లలో మాత్రం స్టార్టప్‌లకూ చిన్న సంస్థలకూ అనుభవం, టర్నోవర్ షరతు సడలించే వీలుంది. నాణ్యతలో సడలింపు ఉండదు. ఆ సడలింపు ఇచ్చారో లేదో టెండరు మొదటి పేజీల్లోనే తెలుస్తుంది.

అపోహ: సరుకు దించితే బిల్లు మొత్తం వస్తుంది.

5 లక్షల సరుకు, 18 శాతం జీఎస్టీ 90 వేలు, మొత్తం బిల్లు 5,90,000 అనుకుందాం. కాంట్రాక్టు విలువ 2.5 లక్షలు దాటితే 2 శాతం జీఎస్టీ టీడీఎస్ (చెల్లింపులోనే ముందుగా పట్టుకునే పన్ను) కోస్తారు. పన్ను కలపని 5 లక్షల మీద అది 10 వేలు. పోయిన డబ్బు కాదు, జీఎస్టీ పోర్టల్‌లోని మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది, కానీ అక్కడ మీరు అంగీకరిస్తేనే. మూడు వారాలు ఆలస్యమైతే వారానికి అర శాతం చొప్పున 7,500 జరిమానా, గరిష్ఠంగా 10 శాతం. ఇది మాత్రం తిరిగి రాదు. 50 వేలు దాటిన సరుకు ఈ-వే బిల్లు లేకుండా బయల్దేరితే దారిలోనే ఆగుతుంది.

ఇక సూక్ష్మ, చిన్న తయారీదారులకు 2006 చట్టం ప్రకారం 45 రోజుల్లో డబ్బు రావాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ, ప్రతి నెలా కలుపుతూ. రాకపోతే ఆ చట్టం కింద బకాయిల వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దానికి సరుకు అందినట్టు తేదీ, సంతకం ఉన్న కాగితం కావాలి. జెమ్‌లో అది సీఆర్‌ఏసీ, అంటే సరుకు అంది ఒప్పుకున్నట్టు ఇచ్చే పత్రం. బయట ఆర్డరైతే స్టోర్స్ రసీదు మీద తేదీ వేయించుకోండి. మొహమాటపడి ఖాళీ రసీదుతో రావద్దు.

ఆర్డరు దక్కాక పనితీరుకు హామీగా ఇచ్చే బ్యాంకు గ్యారంటీ, బ్యాంకు సొంత నమూనాలో కాక టెండరులో ఇచ్చిన నమూనాలో ఉండాలి. వారంటీతో సహా అన్ని బాధ్యతలు తీరాక ఇంకో 60 రోజుల దాకా అది చెల్లాలి. తేదీ ఎక్కడైనా రాసిపెట్టుకోండి. గడువు తీరాక ఒరిజినల్ పంపించమని మీరే ఉత్తరం రాయాలి. అడక్కపోతే అది ఫైల్లోనే ఉండిపోతుంది, గ్యారంటీ కోసం బ్యాంకులో పెట్టిన మీ మార్జిన్ డబ్బూ దానితో పాటే కదలదు.