పోలీస్ యాక్షన్ అన్నారు, లెక్క చెప్పలేదు

1948లో నిజాం భారత సైన్యానికి తలొగ్గిన సెప్టెంబర్ 17 దగ్గరపడితే వరంగల్, హనుమకొండ, పరకాల, జనగామల్లో జెండా ఎవరు ఎగరేయాలన్న దానికంటే ఆ రోజును ఏమని పిలవాలన్నదే పెద్ద గొడవ. 2022లో కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినం' అంటే, అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' అంది. 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఇకపై ఏటా విమోచన దినమేనని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సెప్టెంబర్‌లో రాష్ట్రంలో కొత్తగా వచ్చిన ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' చేసింది. కమ్యూనిస్టులకు అవి సాయుధ పోరాట వారోత్సవాలు. 'విలీనం' అనేవాళ్లు ఉన్నారు, 'సుఖూత్-ఎ-హైదరాబాద్' అంటే హైదరాబాద్ పతనం అనేవాళ్లూ ఉన్నారు.

ఇన్ని పేర్ల మధ్య 1948లో ఢిల్లీ పెట్టిన పేరు గురించి ఎవరూ మాట్లాడరు. అది 'పోలీస్ యాక్షన్'. మన ఊళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ వాడే మాట అదే. ఈ గొడవ డెబ్బై ఏళ్లు దాటినా తెగకపోవడానికి కారణం ఆ పేరులోనే ఉంది.

నిజాం పక్షాన ఆయుధం పట్టిన రజాకార్ల దౌర్జన్యాలు, వాళ్ల నాయకుడు ఖాసిం రజ్వీ ఉపన్యాసాలు, యథాతథ ఒప్పందం, ఆర్థిక దిగ్బంధం చదివినవాళ్లకు తెలిసినవే. ఇక్కడ మళ్లీ చెప్పడం లేదు. సైన్యం కదిలిన రోజు దగ్గర మొదలుపెడితే చాలు.

1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చినవాళ్లు పోలీసులు కాదు. సోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌదురి కింద ట్యాంకులతో ఆర్మర్డ్ డివిజన్ నల్‌దుర్గ్ మీదుగా దిగింది. విజయవాడ రోడ్డున వచ్చిన దళాలకు సూర్యాపేట వైపు ప్రతిఘటన ఎదురైంది. పైనుంచి వాయుసేన టెంపెస్ట్ విమానాలు బాంబులు వేశాయి. సైన్యం తన కాగితాల్లో దీన్ని ఆపరేషన్ పోలో అని రాసుకుంది. 17న నిజాం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సంస్థాన సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ చౌదురికి లొంగిపోయాడు.

మరి 'పోలీస్' అన్న మాట ఎందుకు? దానికి కారణం పారిస్‌లో ఉంది. ఆగస్టు 21న హైదరాబాద్ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు పంపింది. అప్పుడు పారిస్‌లో కూర్చున్న మండలి దాన్ని చేతిలోకి తీసుకున్నది సెప్టెంబర్ 16న, అంటే సైన్యం లోపలికి వచ్చిన నాలుగో రోజున. ఇది రెండు దేశాల మధ్య యుద్ధం అంటే మండలికి జోక్యం చేసుకునే హక్కు వస్తుంది. దేశం లోపల శాంతిభద్రతల పని అంటే రాదు. భారత ప్రతినిధి రామస్వామి ముదలియార్ వాదన ఈ రెండోదే: హైదరాబాద్ ఒక దేశం కాదు కాబట్టి అసలు ఫిర్యాదు చేసే అర్హతే లేదు. 22న నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు కబురు పంపాడు. అయినా 'హైదరాబాద్ ప్రశ్న' మండలి జాబితాలోంచి వెంటనే పోలేదు, దశాబ్దాల పాటు అలాగే ఉంది.

పేరుకు తగ్గట్టు లోపల కూడా ఏర్పాటు చేశారు. నిజాంను గద్దె దింపలేదు. చౌదురి మిలిటరీ గవర్నర్ అయ్యాడు, కానీ చట్టాలు మాత్రం నిజాం అధికారం పేరు మీదే వచ్చాయి. 1949 ఆగస్టు 7 నాటి ఫర్మానాతో, అంటే రాజాజ్ఞతో, నిజాం తన అధికారాలన్నీ మిలిటరీ గవర్నర్‌కు అప్పగించినట్టు రాసి ఇచ్చాడు. వారం తర్వాత వచ్చిన జాగీర్ల రద్దు రెగ్యులేషన్‌కు ఆధారం అదే. నవంబర్‌లో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఇంకో ఫర్మానా. 1950 జనవరి 26 నుంచి అదే నిజాం రాజ్‌ప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతి. జయించలేదు, ఆక్రమించలేదు, పాత పాలకుడే తన ఇష్టంతో అధికారం ఇచ్చాడు అన్నది కాగితం మీద ఎక్కడా తెగకుండా నడిచింది.

చట్టం తెలిసినవాళ్లు చేసిన పని, గట్టిగానే చేశారు. కానీ దాని ఖరీదు జనం మీద పడింది. యుద్ధం కానప్పుడు యుద్ధంలో చచ్చిన మామూలు మనుషుల లెక్క తీయాల్సిన పని లేదు. ఆక్రమణ కానప్పుడు సైన్యం ప్రవర్తన మీద బహిరంగ విచారణ అడిగే దారి లేదు. పోలీస్ యాక్షన్ అయితే మామూలు పోలీసు రికార్డు ఉండాలి: ఎఫ్ఐఆర్, పంచనామా, శవపరీక్ష. అవీ లేవు.

అసలు మలుపు దీని తర్వాత వచ్చింది. ఊళ్ల నుంచి, ముఖ్యంగా మరాఠ్వాడా వైపు నుంచి వస్తున్న వార్తలు విని నెహ్రూ ప్రభుత్వం ఒక సుహృద్భావ బృందాన్ని పంపింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటికి వెళ్లారు. 7 జిల్లా కేంద్రాలు, 21 పట్టణాలు, 23 ముఖ్యమైన గ్రామాలు చూశారు. తాము పోలేకపోయిన మరో 109 గ్రామాల నుంచి వచ్చిన 500 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. ఇరవై మూడు రోజుల్లో ఇంతకంటే ఎక్కువ చేయడం ఎవరికీ సాధ్యం కాదు.

వాళ్లు రాసిన అంకె ఇది: పోలీస్ యాక్షన్ సమయంలోనూ, ఆ తర్వాతా సంస్థానం మొత్తంలో కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయి. ఎక్కువగా పోయింది ముస్లింలు. చంపినవాళ్లలో ఎక్కువ భాగం అల్లరి మూకలు. కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు లూటీలో పాల్గొన్నారని, కొన్ని చోట్ల ముస్లిం మగవాళ్లను బయటికి తీసి చంపారని కూడా రాశారు. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాలను కమిటీ దాచలేదు. చాలా చోట్ల సైన్యం బాగా నడుచుకుని ముస్లింలను కాపాడిందని చెప్పింది. ఒక చోట హిందూ నేతపనివాళ్లు తమ తోటి ముస్లిం నేతగాళ్ల కోసం మూకకు ఎదురు నిలిచి ప్రాణాలు పోగొట్టుకున్నారనీ రాసింది. ఆజంజాహి బట్టల మిల్లు నీడన పెరిగిన వరంగల్‌కు ఆ వాక్యం ఒక్కటి చేరి ఉంటే ఎంతో మేలు జరిగేది. ఆ నివేదికను ఏ ఒక్క వర్గం ఆయుధమూ అనలేం.

ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. అలాంటి బృందాన్ని ప్రభుత్వం పంపనే లేదని, రజాకార్ల అకృత్యాలను పట్టించుకోకుండా రాశారని పటేల్ వైఖరి. బయటపెడితే మళ్లీ మంటలు రేగుతాయన్న భయం అప్పట్లో నిజంగానే ఉండి ఉండవచ్చు. గాంధీ హత్య జరిగి ఏడాది కూడా కాలేదు. ఆ భయానికి అయిదేళ్లు, పదేళ్లు ఇవ్వవచ్చు. కానీ నివేదికలోని భాగాలు ఒక సంకలనంలో అచ్చయ్యేసరికి 1988 వచ్చింది. ఢిల్లీ నెహ్రూ స్మారక గ్రంథాలయంలో మామూలు పాఠకుడు అడిగి చదివే స్థితి వచ్చింది 2013లో. చూసినవాళ్లు, పోగొట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ అప్పటికే వెళ్లిపోయారు.

ఇక్కడే ఇవాళ్టి వాదనలు దారి తప్పుతాయి. సెప్టెంబర్‌లో ఒక వేదిక మీద 800 అంటారు, ఇంకో వేదిక మీద 2 లక్షలంటారు. 800 అన్నది అప్పటి సంస్థానాల వ్యవహారాల కార్యదర్శి వి.పి. మీనన్ తన పుస్తకంలో రాసిన అంకెకు దగ్గరిది. అది ఆ అయిదు రోజుల చర్యలో చనిపోయినవాళ్లది. సుందర్‌లాల్ అంకె ఆ అయిదు రోజులూ, తర్వాతి వారాలూ కలిపి ఊళ్లలో పోయినవాళ్లది. రెండూ రెండు వేర్వేరు లెక్కలు. ఒకదాన్ని చూపించి రెండోది అబద్ధమనడం కుదరదు. ఇక లక్షల అంకెకు ఊరి పేరుతో సహా చూపించే కాగితం ఏదీ లేదు. ప్రభుత్వమే తన దగ్గర ఉన్న అంకె అప్పుడే చెప్పి ఉంటే, ఇవాళ ఎవరికి నచ్చిన అంకె వాళ్లు చెప్పుకునే చోటు ఉండేది కాదు.

మన జిల్లాల విషయానికొస్తే జాగ్రత్తగా చదవాలి. కమిటీ బాగా దెబ్బతిన్నాయన్న నాలుగు జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. అక్కడే కనీసం 18 వేలు. తర్వాత ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ కలిపి కనీసం 5 వేలు. ఈ ఎనిమిదింటిలో వరంగల్ లేదు, కరీంనగర్ లేదు, ఆదిలాబాద్ లేదు. దాన్ని చూసి 'ఇక్కడ ఏమీ జరగలేదు' అనేస్తారు. రెండు సంగతులు మరిచిపోతారు. మొదటిది, అప్పటి జిల్లా హద్దులు వేరు. జనగామ అప్పుడు నల్లగొండ జిల్లాలో ఉంది. ఖమ్మం, ఇల్లందు, పాల్వంచలు వరంగల్‌లో ఉన్నాయి, 1953లో విడిపోయాయి. నివేదికలో 'నల్లగొండ' అని ఉన్నచోట జనగామ కూడా ఉంది. రెండోది, 18 వేలూ 5 వేలూ కలిపితే 23 వేలు. మొత్తం కనీసం 27 వేలు. కనీస అంకెలే తీసుకున్నా మిగిలిన 4 వేల మందికి జిల్లా చిరునామా లేదు.

రజాకార్ల చేతిలో పోయినవాళ్లకూ ఇదే అన్యాయం జరిగింది. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయబోయినవాళ్ల మీద కాల్పులు, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు మీద దాడి, రెండూ అందరికీ తెలుసు. కానీ బైరాన్‌పల్లిలో ఎంతమంది అంటే 80 పైచిలుకు అనేవాళ్లున్నారు, 96 అనేవాళ్లున్నారు, 118 అనేవాళ్లున్నారు. బురుజు ఇప్పటికీ నిలబడి ఉంది, మనుషుల అంకె మాత్రం నిలబడలేదు.

ఉత్తర తెలంగాణకు పోలీస్ యాక్షన్ సెప్టెంబర్ 17తో అయిపోలేదన్నది ఇంకా పెద్ద విషయం. నిజాం లొంగిపోయినా యూనియన్ మిలిటరీ వెనక్కి పోలేదు. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ఊళ్లలో, గోదావరి అడవుల్లో కమ్యూనిస్టు దళాల మీదికి మళ్లింది. 1951 అక్టోబర్ 21న పార్టీ పోరాటం విరమించేదాకా ఇది సాగింది. పోరాటం మొత్తంలో 4 వేల మంది కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారని, 10 వేల మందికి పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో ఉన్నారని, 50 వేల మందిని క్యాంపులకు ఈడ్చుకెళ్లి కొట్టారని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. అడవుల్లో కోయగూడేలు ఖాళీ చేయించి మనుషుల్ని క్యాంపుల దగ్గరికి చేర్చిన తీరును కూడా ఆయన వివరించారు. ఇది పోరాడిన పార్టీ చెప్పిన లెక్క, అలాగే చదవాలి. దీనికి ఎదురుగా పెట్టి పోల్చి చూద్దామంటే ప్రభుత్వం వైపు నుంచి ఊరూరి లెక్క లేదు. 'విమోచన' అన్న మాటకు జనగామ, ములుగు పల్లెల్లో కొందరు ఎందుకు తల ఊపరో తెలియాలంటే ఈ మూడేళ్లు తెలియాలి. రజాకార్లు పోయారని సంతోషించిన ఇంటికే తర్వాత మిలిటరీ సోదాకు వచ్చింది.

ఇప్పుడు కాగితాలు అడగవచ్చా? అడగవచ్చు. కానీ అడిగే తీరు తప్పితే ఖాళీ చేతులతో వెనక్కి రావాల్సిందే. 'ఆపరేషన్ పోలో రికార్డులన్నీ ఇవ్వండి' అని సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద 10 రూపాయల దరఖాస్తు పెడితే 'మా దగ్గర లేవు' అన్న జవాబే వస్తుంది. ఆనాటి సంస్థానాల వ్యవహారాలు స్టేట్స్ మినిస్ట్రీవి. దాని పని తర్వాత హోంశాఖకు పోయింది, పాత ఫైళ్లు చాలావరకు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌కు చేరాయి. అక్కడి ఆన్‌లైన్ కేటలాగులో ముందు ఫైలు నంబర్ పట్టుకుని, ఆ నంబరుతో అడగాలి. వేరే శాఖ దగ్గర ఉంటే ఆ చట్టం సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో బదిలీ చేయాల్సిన బాధ్యత అధికారిదే. ఆ మాట దరఖాస్తులోనే రాయండి. ఇరవై ఏళ్లు దాటిన సంగతులు ఇవ్వాలని 8(3) చెబుతుంది కానీ, దేశ భద్రత పేరుతో 8(1)(ఎ) చూపిస్తే ఆ ఇరవై ఏళ్ల నియమం పనిచేయదు. అప్పుడు పట్టుకోవాల్సింది ప్రజాప్రయోజనం గురించి చెప్పే 8(2). మొదటి అప్పీలుకు 30 రోజులు, రెండోదానికి 90 రోజులు గడువు. మామూలుగా 25 ఏళ్లు దాటిన సైనిక రికార్డులను బహిరంగపరచాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం ప్రకటించింది. దాన్నీ ఉటంకించవచ్చు.

నిజాం వైపు కాగితాలకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు పోవాలి. అక్కడ ఉర్దూ చదవగలిగినవాళ్లు వెంట ఉండాలి. తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరంలో ఉంటాయి, ఎక్కువమంది పొరబడేది అక్కడే. హైదరాబాద్ ఫస్లీ ఏడాది అక్టోబర్‌లో మొదలవుతుంది, ఆంధ్ర ప్రాంతపు జులై ఫస్లీ కాదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఫస్లీకి 590 కలపాలి, జనవరి నుంచి సెప్టెంబర్ దాకా 591. అంటే సైన్యం వచ్చిన 1948 సెప్టెంబర్ 1357 ఫస్లీ చివర్లో పడుతుంది. సుందర్‌లాల్ బృందం తిరిగిన రోజులు 1358లో పడతాయి. 1948 అని ఒక్క కట్టే అడిగితే సగం కథ రెండో కట్టలో ఉండిపోతుంది.