గత్తం ఎందుకు వేడెక్కుతుంది?

శ్రీకాకుళంలో మా వీధిలోనే, నాలుగిళ్ల అవతల ఉండే ఒకావిడ మొన్న కార్తీకంలో మా గుమ్మం దగ్గర ఆగి, "మాస్టారూ, ఈ కంపోస్టు నా వల్ల కాదండి" అన్నారు. డాబా మీద మూతున్న ప్లాస్టిక్ టబ్బులో నెలన్నరగా తొక్కలు వేస్తున్నారట. కంపు, తెల్ల పురుగులు, అడుగున నల్లటి నీళ్లు. పక్క వాటా వాళ్లతో రోజూ మాట పట్టింపు. "మా అమ్మమ్మగారింట్లో పెరట్లో ఇంత గత్తం, అదే పేడా చెత్తా కలిపిన ఎరువు కుప్ప, ఉండేదండి. దాని పక్కనే ఆడుకునేవాళ్లం. ఇలాంటి కంపు ఎరగం. అదెలా?" అని అడిగారు.

ముప్పై ఏళ్లు పిల్లలకి సైన్సు చెప్పాను. ఇంత మంచి ప్రశ్న నన్ను క్లాసులో ఎవరూ అడగలేదు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేయడం గురించి ఇక్కడ రాయను, అది గోడల మీదే రాసి ఉంటోంది. నాకు చెప్పాలనున్నది వేడి గురించి.

పల్లెలో పెరిగినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున గత్తం కుప్పని పారతో కదిపితే లోపలి నుంచి తెల్లగా ఆవిరి లేస్తుంది. చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. చిన్నప్పుడు నేను కింద ఎవరో పొయ్యి పెట్టారనుకునేవాణ్ణి. ఆ అనుకోవడం మరీ తప్పేం కాదు.

భోగినాడు పిల్లలు పిడకల దండలు మంటలో వేస్తారు కదా. పిడకలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, వేడి పుడుతుంది. గత్తంలో వేసిన పేడలోనూ జరిగేది ఇదే. అక్కడ మంట పని సూక్ష్మజీవులు చేస్తాయి. అవి పేడనీ తొక్కల్నీ తిని, ఊపిరి పీల్చి, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. భోగి మంట గంటలో వందల డిగ్రీల దగ్గర ముగించే పనిని గత్తం మూడు నెలలపాటు, అరవై డిగ్రీలకి అటూ ఇటూగా చేస్తుంది. గ్రాము చక్కెర పూర్తిగా మండితే సుమారు 16.5 కిలోజౌళ్ల వేడి వస్తుంది. సూక్ష్మజీవి పూర్తిగా ఆక్సీకరించినా వచ్చే శక్తి అంతే. అందులో కొంత తన ఒళ్లు పెంచుకోవడానికి వాడుకుంటుంది, మిగిలింది వేడిగా బయటపడుతుంది. ఒక తేడా ఉంది. మంటలో నైట్రోజన్ చాలావరకు పొగతో పోతుంది. సరిగ్గా పేర్చిన గత్తంలో అది ఎక్కువ భాగం నిలిచి, చేనుకి చేరుతుంది.

మరి టబ్బు ఎందుకు వేడెక్కదు? తొక్కలు ఉన్నాయి, సూక్ష్మజీవులూ ఉన్నాయి. అసలు సంగతి సైజులో ఉంది.

అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న టబ్బు అనుకోండి. వేడి పుట్టేది ఘనపరిమాణంలో, అంటే లోపలున్న సరుకంతటిలో. వేడి పోయేది పై తలంలోంచి. ఈ టబ్బుకి సరుకు 1 ఘనపుటడుగు, తలం 6 చదరపుటడుగులు. ఇలాంటి టబ్బులు 27 తెచ్చి, సరుకంతా ఒక్క చోట పోస్తే గజం పొడవు, గజం వెడల్పు, గజం ఎత్తు కుప్ప అవుతుంది. విడివిడిగా ఉన్నప్పుడు 27 టబ్బుల తలం మొత్తం 162 చదరపుటడుగులు. కలిపితే 54. సరుకు అదే, వేడి పోయే తలం మూడో వంతుకి పడిపోయింది.

ఇంకో సంగతి ఉంది, అది నాకు మరీ ఇష్టం. కుప్ప మధ్యలో పుట్టిన వేడి బయటికి నడవాల్సిన దూరం కూడా మూడింతలైంది. ఒక్కో చదరపుటడుగు గుండా మూడింతల వేడి పోవాలి, అదీ మూడింతల దూరం దాటి పోవాలి. మూడు మూళ్లు తొమ్మిది. అంటే టబ్బు మధ్యభాగం బయటి గాలికన్నా 3 డిగ్రీలు వెచ్చగా ఉంటే, అదే సరుకుతో పేర్చిన గజం కుప్ప మధ్యలో ఆ తేడా 27 డిగ్రీల దాకా పోవచ్చు. నిజం కుప్పలో నీరు ఆవిరవుతూ కొంత వేడి తీసుకుపోతుంది, గాలి మరికొంత, కాబట్టి లెక్క ఇంత కచ్చితంగా పలకదు. ఎటు మొగ్గుతుందో మాత్రం తప్పకుండా చెబుతుంది. గడ్డివాములు తమంతట తామే అంటుకోవడానికీ మూలం ఇదే. తడి ఆరకుండా పెద్ద వాము వేస్తే మొదటి వేడి సూక్ష్మజీవులదే. ఆ తరవాత రసాయన చర్యలు అందుకుంటాయి.

వేడి పెరిగాక లోపల జనాభాయే మారిపోతుంది. 40 డిగ్రీల దాకా మామూలు బ్యాక్టీరియా పని చేస్తుంది. 45 దాటితే అవి తప్పుకుని, వేడిని ప్రేమించే జాతులు విజృంభిస్తాయి. 55 డిగ్రీల దగ్గర మూడు రోజులు నిలిస్తే రోగకారక క్రిములు, ఈగ పిల్లలు, కలుపు గింజలు చాలావరకు చస్తాయి. 65 దాటితే మేలు చేసేవీ నీరసించిపోతాయి. అప్పుడు తిరగవెయ్యాలి. ఇండోర్‌లో 1924 నుంచి 1931 దాకా పనిచేసిన ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ పొరలు పొరలుగా పేర్చి, మధ్యమధ్య తిరగవేసే పద్ధతిని శాస్త్రీయంగా స్థిరపరచింది ఇక్కడి రైతుల అలవాట్లను గమనించాకే.

ఇక కంపు. వంటింటి తొక్కల్లో నూటికి ఎనభై పాళ్లు నీరే. ఆ నీరు ముక్కల మధ్య సందులు పూడ్చేస్తుంది. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. ఊపిరాడని చోట వేరే రకం బ్యాక్టీరియా చేరి కుళ్లు వాసన ఆమ్లాలు, కుళ్లిన గుడ్ల వాసన వాయువు తయారు చేస్తాయి. మూతున్న టబ్బులో జరిగింది అది. డంపింగ్ యార్డులో పెద్ద ఎత్తున జరిగేదీ అదే. అక్కడ మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన బరువుకి బరువు చూస్తే కార్బన్ డయాక్సైడ్‌కి సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కించే వాయువు అది.

దీనికి విరుగుడు ఎండు సరుకు. అది నీటిని పీల్చి సందులు తెరుస్తుంది, కార్బన్‌నీ అందిస్తుంది. సూక్ష్మజీవులకి నైట్రోజన్ ఒక పాలుకి కార్బన్ 25 నుంచి 30 పాళ్లుంటే వంట కుదిరినట్టు. కూరగాయల తొక్కల్లో ఇది 15–20, ఎండుగడ్డిలో 80 దాకా, రంపపు పొట్టులో 300 పైన. ఉద్దానంలో కవిటి, సోంపేట వైపు గుట్టలుగా కనిపించే కొబ్బరి పొట్టులో 100 దాటుతుంది, పైగా చెక్కకి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం ఎక్కువ, అందుకే ఏళ్లు గడిచినా అలాగే ఉంటుంది. పలాస జీడిపిక్కల పెంకులు మాత్రం వెయ్యకండి. ఆ పెంకు నూనె మన చర్మాన్ని పొక్కిస్తుంది, సూక్ష్మజీవులకీ గిట్టదు.

బజార్లో కంపోస్టు పొడి అని పొట్లాలు అమ్ముతున్నారు. అది లేకపోతే పని జరగదని చాలామంది నమ్ముతున్నారు. తొక్క మీద, ఆకు మీద, మట్టిలో కావలసిన సూక్ష్మజీవులు ఎప్పుడూ ఉంటాయి. దోసెడు పాత గత్తం చల్లితే చాలు.

మా వీధిలో పదకొండిళ్లవాళ్లం కలిశాం. ఖాళీ స్థలం యజమాని ఒప్పుకున్నారు. ఇటుకల మధ్య సందులు వదిలి గజం చదరం గూడు కట్టాం. మూడు రోజుల తొక్కలు, కూరల కొట్టు నుంచి కాలీఫ్లవర్ మట్టలు, అరటి బోదెలు, నాలుగు గోనెల ఎండుటాకులు, రెండు తట్టల పేడ. అన్నీ ఒక్క పూటలో పేర్చి, పైన గోనెపట్టాలు కప్పాం. గోనె వేడిని పట్టి ఉంచుతుంది, గాలినీ ఆడనిస్తుంది. ప్లాస్టిక్ పట్టాతో గాలి ఆడదు.

థర్మామీటర్‌ని వెదురు బద్దకి కట్టి మధ్యలోకి దించే పని పిల్లలకి అప్పగించాను. మొదటి సాయంత్రం 31. మర్నాడు 43. మూడోనాడు 54. నాలుగోనాడు 58 చూసి ఏడో తరగతి పిల్లాడు "మాస్టారూ, జ్వరం!" అని వీధంతా వినబడేలా అరిచాడు. కుళ్లడం గురించి పాఠ్యపుస్తకంలో అర పేజీ ఉంటుంది, వేడి మాట అందులో ఉండదు. ఆ అర పేజీ చదివించే రోజున బడి వెనకాల ఒక కుప్ప వేసి థర్మామీటర్ గుచ్చితే బాగుంటుంది. తొమ్మిదో రోజుకి 42కి దిగింది. తిరగవేశాం. గాలి తగిలి మళ్లీ 53కి ఎక్కింది. ఇలా నాలుగుసార్లు. చివరికి తిరగవేసినా పైకి లేవలేదు, అంటే తినడానికి తేలికైనదంతా అయిపోయిందన్నమాట.

తెరిచేసరికి కుప్ప సగానికి పైగా దిగిపోయి ఉంది. తొలకరి వాసన వచ్చింది. పోలిక కోసం అన్న మాట కాదది. గత్తంలోనూ మట్టిలోనూ ఆ వాసన పుట్టించేది ఒకే పదార్థం, జియోస్మిన్. లక్ష కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నా మన ముక్కు పట్టేస్తుంది.

ఇంటికో కుంచం చొప్పున పంచుకున్నాం. ప్రశ్న అడిగినావిడ తన వాటా తీసుకుని, "మల్లెకి వేస్తానండి. తులసికి వెయ్యొచ్చా? ఎంగిలి కలిసింది కదా" అన్నారు. ఎంగిలి మెతుకులోని కార్బన్ చాలావరకు గాలిలో కలిసిపోయిందనీ, మిగిలింది సూక్ష్మజీవుల ఒంట్లోంచి ఎన్నోసార్లు దాటి వచ్చిందనీ, పైగా అంతా 55 డిగ్రీల వేడిలో రోజుల తరబడి కాగిందనీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నారు. గుప్పెడు తీసి వాసన చూశారు. అత్తగారిని ఒక మాట అడిగి వేస్తానని చెప్పి, బేసిన్ నెత్తిన పెట్టుకుని వెళ్లారు.