సింగిల్ మాల్ట్ రుచి చూడటం: అపోహలు - వాస్తవాలు

ఎడిన్‌బరోలో విస్కీ రుచి చూపించడం నా ఉద్యోగం. మనవాళ్లూ బాగానే వస్తుంటారు. కూర్చోగానే దాదాపు అందరి నోటా వినపడే మాటలు ఇవే.

అపోహ: సింగిల్ మాల్ట్ అంటే ఒకే పీపాలోంచి తీసింది.

కాదు. ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతోనే, రాగి బట్టీల్లో కాచినదని అర్థం. ఒక సీసా వెనక ఎన్నో పీపాల సరుకు కలిసి ఉండొచ్చు.

అపోహ: 18 ఏళ్లది 12 ఏళ్లదాని కన్నా మంచిది.

ఆ అంకె, కలిపిన సరుకులో అన్నిటికన్నా చిన్నదాని వయసు. స్కాచ్, అంటే స్కాట్లాండ్ విస్కీ, చట్టం ప్రకారం ఓక్ చెక్క పీపాలో కనీసం 3 ఏళ్లు ఉండాలి. ఆపైన ఎన్నాళ్లు ఉంచితే అంత చెక్క రుచి పడుతుంది. కొన్నిటికి అది అందం, కొన్నిటికి వగరు. సీసాలోకి చేరాక వయసు పెరగదు. మామయ్య బీరువాలో పదేళ్లు దాచినా 12 ఏళ్లది 12 ఏళ్లదే.

అపోహ: రంగు ముదురుగా ఉంటే రుచి ఎక్కువ.

స్కాచ్‌లో కారమెల్ రంగు కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. అందుకే పోలిక పెట్టినప్పుడు నేను రంగు కనపడకుండా నీలం గ్లాసుల్లో పోస్తాను.

అపోహ: అన్నిట్లోనూ పొగ వాసన ఉంటుంది.

మొలకల్ని ఆరబెట్టేటప్పుడు పీట్ మట్టి (చిత్తడి నేలల్లో కుళ్లిన మొక్కలతో ఏర్పడేది) కాలిస్తేనే ఆ పొగ పడుతుంది. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపంలో తయారయ్యే లఫ్రోయిగ్, ఆర్డ్‌బెగ్ విస్కీలు అలాంటివి. అదే ద్వీపంలోని బున్నహావెన్ 12 ఏళ్లదాంట్లో పొగ దాదాపు తెలియదు. ప్రాంతం పేరు చూసి రుచి తేల్చేయకండి.

అపోహ: నీళ్లు కలిపితే పాడవుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించే మాట ఇదే. మంచి సీసా కొనుక్కుని, కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నా పచ్చిగానే మింగేవాళ్లను ఎంతమందిని చూశానో! రకరకాల విస్కీలను కలిపి సరుకు తయారుచేసే బ్లెండర్లే వాసన చూసేటప్పుడు 20 శాతం ఆల్కహాల్ దాకా పలుచన చేసుకుంటారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో ఇదే చూశారు: నీళ్లు కలిపినప్పుడు, పొగ వాసననిచ్చే గ్వాయకాల్ అనే పదార్థం గ్లాసులో పైభాగానికి చేరుతుంది.

మొన్న ఒక పెద్దాయన "నీళ్లొద్దు బాబూ" అన్నారు. ఆయన గ్లాసులో నాలుగే చుక్కలు వేసి, ఒక్క నిమిషం ఆగమన్నాను. మళ్లీ వాసన చూసి, "ఇందాక ఈ అరటిపండు వాసన లేదే!" అని పక్కనున్న భార్యకు గ్లాసు అందించారు. ఐస్ మాత్రం పోల్చేటప్పుడు వద్దు, చల్లదనానికి వాసన అణిగిపోతుంది.

అపోహ: రుచి తెలియాలంటే ఎక్కువ తాగాలి.

మూడు రకాలు, ఒక్కోటి 15 మిల్లీలీటర్లు చాలు. తులిప్ పువ్వులా మూతి సన్నగా ఉన్న గ్లాసులు తీసుకోండి. ముక్కు లోపలికి దూర్చకుండా, నోరు కొంచెం తెరిచి వాసన పీల్చండి. తేలికైనది ముందు, షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాలో ఉంచింది తర్వాత, పొగది ఆఖరున. పొగ ముందు తగిలిందంటే మిగతావి చప్పగా అనిపిస్తాయి. కారప్పూస, మిర్చి బజ్జీ పక్కన పెట్టేయండి. నాలుక మండుతుంటే తేడాలు పట్టుకోలేరు.

అయిపోయాక గ్లాసులు వెంటనే కడగకండి. కాసేపాగి ఖాళీ గ్లాసు వాసన చూడండి. ఆల్కహాల్ ఎగిరిపోయి, అడుగున తేనె, చెక్క, ఆరిన బూడిద, ఏ గ్లాసుది ఆ గ్లాసుకు విడిగా తెలుస్తుంది.