జ్యూరీ లేచి పాడింది: టీవీ కథల్లో పాట పడ్డ పాట్లు

కోర్టు హాలు. వాదనలు అయిపోయాయి. తీర్పు సిద్ధమేనా అని జడ్జి అడిగాడు. సిద్ధమేనని జ్యూరీ చెప్పింది. ఆ మరుక్షణం జ్యూరీ సభ్యులంతా చర్చిల్లో భక్తిపాటలు పాడే గాస్పెల్ బృందంలా గొంతు కలిపి, నిందితుడు దోషి అంటూ పాట అందుకున్నారు. 1990 సెప్టెంబరులో అమెరికాలోని ఏబీసీ చానెల్ మొదలుపెట్టిన పోలీసు సిరీస్ 'కాప్ రాక్' మొదటి ఎపిసోడ్‌లోని సీను ఇది. సిరీస్ 11 ఎపిసోడ్‌లకే, ఆ డిసెంబరులోనే ఆగిపోయింది. మరుసటి ఏడాది అదే పాటకు టీవీ రంగంలో పెద్ద గౌరవమైన ఎమ్మీ అవార్డు వచ్చింది.

దాని వెనక ఉన్నవాళ్లు అల్లాటప్పా మనుషులు కారు. సిరీస్ సృష్టికర్తల్లో ఒకడైన స్టీవెన్ బోచ్కో అప్పటికే 'హిల్ స్ట్రీట్ బ్లూస్', 'ఎల్.ఏ. లా' సిరీస్‌లతో అమెరికా టీవీ డ్రామా తీరునే మార్చినవాడు. మొదటి ఎపిసోడ్ పాటలు రాసింది పేరున్న గాయకుడు, పాటల రచయిత రాండీ న్యూమన్. అంతటివాళ్లు చేసిన ప్రయత్నం నాలుగు నెలలు కూడా నిలవలేదు. పంతొమ్మిదేళ్ల తర్వాత హైస్కూలు పిల్లల బృందం ఒకటి పాడితే మాత్రం దేశమంతా వింది. పాటలతో కథ నడిపే సిరీస్ మాట వచ్చినప్పుడల్లా 'కాప్ రాక్' పేరు ఒక హెచ్చరికలా వినిపిస్తుంది. అసలు జనం ఒప్పుకోనిది పాటనేనా? నాకైతే కాదనిపిస్తుంది. అది తేలాలంటే ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో టీవీకి ఈ చిక్కే లేదు. 1966లో ఎన్‌బీసీలో వచ్చిన 'ద మంకీస్' నలుగురు కుర్రాళ్ల బ్యాండు కథ. 1970 నాటి 'ద పార్ట్‌రిడ్జ్ ఫ్యామిలీ'లో తల్లీ పిల్లలూ కలిసి ఊరూరా కచేరీలు చేస్తారు. 1982లో మొదలైన 'ఫేమ్' న్యూయార్క్‌లోని ఒక కళల స్కూలులో జరుగుతుంది. వీళ్లందరికీ పాడటమే పని. వడ్రంగి చేతిలో ఉలి ఉంటే ఎందుకుందని అడగం కదా, అలాగే ఇక్కడా ఎవరూ అడగలేదు. పైగా తెర మీద పాట బయట రికార్డుగా అమ్ముడుపోయేది. పార్ట్‌రిడ్జ్ కుటుంబం పాట ఒకటి 1970లోనే అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి వెళ్లింది.

పాడటం వృత్తి కాని మనిషి, మామూలు గదిలో, ఉన్నట్టుండి పాడితే ఎలా? ఈ ప్రశ్నను నేరుగా పట్టుకున్నవాడు బ్రిటిష్ రచయిత డెనిస్ పాటర్. 1978లో బీబీసీకి ఆరు భాగాలుగా రాసిన 'పెన్నీస్ ఫ్రమ్ హెవెన్'లో కథానాయకుడు ఆర్థర్ పార్కర్ 1930ల నాటి మనిషి. పాటల స్వరాలు అచ్చేసిన కాగితాలు షాపులకు తిరిగి అమ్ముకునే సేల్స్‌మన్. సంసారం చప్పగా ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు, కానీ పాటల్లో చెప్పే లోకం ఎక్కడో నిజంగా ఉందని గట్టిగా నమ్ముతాడు. ఆ పాత్ర వేసిన బాబ్ హాస్కిన్స్ తన గొంతుతో పాడడు. నోరు తెరుస్తాడు, లోపలి నుంచి 1930ల నాటి గ్రామఫోను రికార్డు వినిపిస్తుంది. మొదటి ఎపిసోడ్‌లోనైతే ఆయన నోట ఆడగొంతు వస్తుంది. చూసేవాడు మొదట తికమకపడతాడు. కాసేపటికి అర్థమవుతుంది: ఈ మనిషికి తన కోరిక చెప్పుకోవడానికి సొంత మాటలు లేవు, అరువు తెచ్చుకున్న పాటలే ఉన్నాయి.

1986లో పాటర్ రాసిన 'ద సింగింగ్ డిటెక్టివ్' దీన్ని ఇంకా లోతుకు తీసుకెళ్లింది. మైకేల్ గాంబన్ వేసిన ఫిలిప్ మార్లో డిటెక్టివ్ నవలలు రాసే రచయిత. ఒళ్లంతా సోరియాసిస్, దానికి తోడు కీళ్లు బిగుసుకుపోయి ఆసుపత్రి మంచం మీద కదల్లేకుండా ఉంటాడు. పాటర్‌కి కూడా ఆ జబ్బే. రౌండ్స్‌కి వచ్చిన డాక్టర్లు మంచం చుట్టూ నిలబడి, రోగి అక్కడ లేనట్టే, అతని గురించి మాట్లాడుకుంటారు. మార్లో తన బాధ చెప్పుకోబోతాడు, ఏడుస్తాడు. వాళ్లకు పట్టదు. అప్పుడు వార్డులో వెలుగు మారిపోతుంది. డాక్టర్లు, నర్సులు కలిసి ఎముకల గురించిన ఒక పాత పాటకు పెదవులు కలుపుతూ గంతులేస్తారు. పాట అవగానే వార్డు మళ్లీ మామూలు వార్డు. ఆ సీను ఎన్నిసార్లు చూసినా నాకు ఒకే సమయంలో నవ్వూ కన్నీళ్లూ వస్తాయి. మంచాన పడ్డవాడి మెదడు అవమానాన్ని తట్టుకోవడానికి ఏం చేస్తుందో చూపించడానికి దానికంటే మంచి దారి మాటల్లో లేదు. పాట అతని తలలోనే నడుస్తోంది కాబట్టి, ఎందుకు పాడుతున్నారన్న ప్రశ్నే రాదు.

ఇది చూశాక 'కాప్ రాక్' దగ్గరికి తిరిగొస్తే లోపం ఎక్కడుందో కనిపిస్తుంది. బోచ్కో పోలీసు కథల బలమంతా నిజమనిపించడంలో ఉంది: ఇరుకు గదులు, ఒకరి మీద ఒకరు మాట్లాడే జనం, అలసిపోయిన మొహాలు. ఆ పద్ధతిలో చూపిస్తున్నంతసేపూ ఇది వాస్తవం, నమ్మండి అని చూసేవాడికి మాట ఇచ్చినట్టే. అందులోకి పాట వస్తుంది. ఎవరి తలలోదీ కాదు, ఎవరి కలా కాదు. పాట అయ్యాక ఎవరూ దాని ఊసెత్తరు. మాట తప్పినట్టయింది. కొన్ని పాటలు నిజంగా బాగుంటాయి, అయినా కథకూ పాటకూ మధ్య మెట్టు లేదు.

దీనికి తోడు పని భారం. అమెరికాలో గంట నిడివి డ్రామా ఎపిసోడ్‌ను సుమారు ఎనిమిది రోజుల్లో తీసేస్తారు. అందులో పాట ఉంటే షూటింగ్‌కి ముందే చాలా జరగాలి. స్క్రిప్టు తేలాలి, పాట రాయాలి లేదా ఉన్న పాటకు అనుమతి తేవాలి, నటుల శ్రుతికి తగ్గట్టు మార్చాలి, స్టూడియోలో రికార్డు చేయాలి, డాన్సు నేర్పాలి. తర్వాత సెట్‌లో ప్లేబ్యాక్ పెట్టి పెదవులు కలిపిస్తారు. ఒక ఎపిసోడ్ షూటింగ్‌లో ఉండగానే తర్వాతి దాని రికార్డింగ్, ఆ పైదాని రాత నడుస్తుండాలి. నటులకు నిద్ర ఉండదు. 'కాప్ రాక్' ఇంకో అడుగు ముందుకేసి నటుల గొంతుల్ని సెట్‌లోనే లైవ్‌గా రికార్డు చేసింది. వారం వారం అలా నెగ్గుకురావడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

ఆ భారం ఒక్కసారి మోస్తే చాలు కదా అన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది. మామూలు సిరీస్‌లో ఒకే ఒక్క పాటల ఎపిసోడ్. 2001 నవంబరు 6న ప్రసారమైన 'బఫీ ద వాంపైర్ స్లేయర్' ఎపిసోడ్ దీనికి కొండగుర్తు. ఊళ్లోకి ఒక దెయ్యం వస్తుంది. దాని ప్రభావానికి అందరూ పాడతారు. పాడేటప్పుడు దాచుకున్న నిజం ఆగదు. పెళ్లి కుదిరిన జంట నోటి నుంచి పెళ్లంటే ఉన్న భయం బయటపడుతుంది. చనిపోయిన నాయిక బఫీని స్నేహితులు నరకం నుంచి వెనక్కి తెచ్చామనుకుంటూ మురిసిపోతుంటారు. తనను లాగేసింది స్వర్గం నుంచి అని ఆమె పాటలోనే చెప్పేస్తుంది. పాట అయిపోతుంది, నిజం మాత్రం వాళ్ల మధ్యే నిలబడి ఉంటుంది. 'కాప్ రాక్'లో లేని మెట్టు ఇదే. 2007లో ఆసుపత్రి కామెడీ 'స్క్రబ్స్' కూడా అలాంటి కారణమే వెతుక్కుంది: మెదడులో సమస్య వల్ల ఒక రోగికి అందరి మాటలూ పాటల్లా వినిపిస్తాయి. 2011లో 'గ్రేస్ అనాటమీ', 2023లో 'స్టార్ ట్రెక్: స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్' కూడా ఇదే బాట పట్టాయి.

ప్రతి వారం పాడే సిరీస్ మాత్రం మళ్లీ దెబ్బతింది. బీబీసీలో 2004లో ఆకట్టుకున్న 'బ్లాక్‌పూల్'ను సీబీఎస్ 2007లో 'వీవా లాఫ్లిన్' పేరుతో అమెరికాకు తెచ్చి, రెండు ఎపిసోడ్‌లకే ఆపేసింది.

అందుకే 2009 మే నెలలో ఫాక్స్ చానెల్ 'గ్లీ' పైలట్‌ను, అంటే మొదటి ఎపిసోడ్‌ను ప్రసారం చేసినప్పుడు అది పెద్ద సాహసం. ఒహాయోలో ఒక హైస్కూలు, అందరూ వెక్కిరించే పిల్లల గాన బృందం. కారణం పాతదే, పాడటం వాళ్ల పని. కొత్తదనం డబ్బు లెక్కలో ఉంది. వాళ్లు పాడినవి చాలావరకు జనానికి ముందే తెలిసిన హిట్లు. ఇక్కడ హక్కుల సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఒక పాటను సీనులో వాడాలంటే రెండు అనుమతులు కావాలి: రాసి బాణీ కట్టినవాళ్ల హక్కుదారుల నుంచి ఒకటి, ఆ రికార్డింగ్ సొంతదారు నుంచి ఇంకొకటి. నటులే మళ్లీ పాడితే రెండోది అక్కర్లేదు, కొత్త రికార్డింగ్ సిరీస్ చేతిలోనే ఉంటుంది. 'గ్లీ' దాన్నే సరుకుగా మార్చింది. పాటలు డౌన్‌లోడ్‌లుగా అమ్ముడుపోయాయి. అమెరికాలో వారం వారం హిట్ పాటల్ని లెక్కకట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలోకి ఎక్కిన పాటల సంఖ్యలో 2011 ఫిబ్రవరికే ఆ బృందం ఎల్విస్ ప్రెస్లీని దాటేసింది. చివరికి లెక్క 207కి చేరింది. 2020లో ర్యాప్ గాయకుడు డ్రేక్ వచ్చేదాకా ఆ రికార్డు చెక్కుచెదరలేదు.

'గ్లీ' ఆరు సీజన్లు నడిచింది. నిజం చెప్పాలంటే మూడో సీజన్ నుంచి చాలాచోట్ల కథ కోసం పాట కాకుండా పాట కోసం కథ అయిపోయింది. అమ్మకానికి పాట కావాలి, దానికో సీను అల్లాలి. అయినా ఆ సిరీస్ తలుపు తెరవకపోతే తర్వాతివి లోపలికి వచ్చేవి కావు.

వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'క్రేజీ ఎక్స్-గర్ల్‌ఫ్రెండ్'. 2015 నుంచి 2019 దాకా సీడబ్ల్యూ చానెల్‌లో నాలుగు సీజన్లు వచ్చింది. రేచల్ బ్లూమ్, ఎలీన్ బ్రాష్ మెకెన్నా కలిసి సృష్టించారు. 'గ్లీ'లా తెలిసిన పాటలు కాదు, అన్నీ కొత్తగా రాసినవే. నాలుగేళ్లలో 157 పాటలు. బ్లూమ్, జాక్ డోల్జెన్, ఆడమ్ ష్లెసింజర్ ముగ్గురూ కలిసి రాశారు. ష్లెసింజర్ 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో చనిపోయారు. రేటింగ్‌లు ఎప్పుడూ అడుగునే ఉండేవి, అయినా చానెల్ దాన్ని వదులుకోలేదు. నాయిక రెబెకా మంచి లాయరు. ఎప్పుడో టీనేజీలో నచ్చిన అబ్బాయి కోసం ఉద్యోగం వదిలి ఊరు మారిపోతుంది. ఆమె పాడే పాటలు ఆమె తలలోనే జరుగుతాయి. మొదట్లో అవి సరదా ఊహలు. పోనుపోను అర్థమవుతుంది, బతుకు భరించలేనప్పుడు ఆమె దాక్కునే చోటు అదేనని. మూడో సీజన్‌లో ఆమెకున్న మానసిక సమస్యకు డాక్టరు పేరు పెడతాడు, ఆమె ఆ పేరు విని కంగారు పడుతుంది. చివరి ఎపిసోడ్‌లో తన తలలో పాటలు నడుస్తుంటాయని మొదటిసారి స్నేహితురాలికి చెప్పుకుంటుంది. మార్లో ఆసుపత్రి మంచానికీ ఈ అమ్మాయికీ మధ్య ముప్ఫై ఏళ్లు, ఒక సముద్రం ఉన్నాయి. దారం ఒక్కటే.

2020లో ఎన్‌బీసీలో వచ్చిన 'జోయీస్ ఎక్స్‌ట్రార్డినరీ ప్లేలిస్ట్' ఆ దారాన్ని తిప్పి పట్టుకుంది. ఇక్కడ నాయిక పాడదు, వింటుంది. ఎంఆర్ఐ స్కాన్ జరుగుతుండగా భూకంపం వస్తుంది. అప్పటి నుంచి ఇతరుల మనసులోని మాట ఆమెకు పాటగా వినిపిస్తుంది. ఆమె తండ్రికి మెదడును కొద్దికొద్దిగా తినేసే అరుదైన జబ్బు. మాట పోయింది, కదలిక పోయింది. తమ మాటలు ఆయనకు అర్థమవుతున్నాయో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. మొదటి ఎపిసోడ్‌లోనే ఆయన లేచి కూతురి కోసం పాడతాడు. నాన్న లోపల ఉన్నాడని ఆమెకు అప్పుడు తెలుస్తుంది. సృష్టికర్త ఆస్టిన్ విన్స్‌బర్గ్ తన తండ్రికి వచ్చిన జబ్బు నుంచే ఈ కథ తీసుకున్నాడు. అదే సీజన్‌లో బధిర అమ్మాయి ఒకరు గొంతు లేకుండా సంజ్ఞల భాషలోనే ఒక పాట మొత్తం పాడుతుంది. చేతులు చూస్తూ ఉంటే చాలు, పాట వినిపిస్తుంది. రెండు సీజన్ల తర్వాత 2021లో చానెల్ దాన్ని ఆపేసింది. అభిమానులు గట్టిగా పట్టుబట్టారు, అదే ఏడాది చివర్లో రోకు అనే స్ట్రీమింగ్ వేదిక మీద ఒక క్రిస్మస్ సినిమా దక్కింది.

స్ట్రీమింగ్ వచ్చాక వారం వారం పరుగు తగ్గింది, ఎపిసోడ్‌లు తగ్గాయి, పాటకు సమయం దొరికింది. ఆపిల్ టీవీ ప్లస్‌లో 2021లో వచ్చిన 'ష్మిగడూన్!' న్యూయార్క్ బ్రాడ్‌వే థియేటర్ల పాత సంగీత నాటకాల తీరులో పాటలు కట్టి ఎమ్మీ కూడా గెలుచుకుంది. కానీ వేదిక మారినా లెక్కలు మారలేదు. 2024 జనవరిలో మూడో సీజన్ ఉండదని తేలిపోయింది. అప్పటికే ఆ సీజన్ కథ రాసేసి ఉంది, 25 కొత్త పాటలు కూడా సిద్ధంగా ఉన్నాయి. మరుసటి ఏడాది మొదట్లో 'ష్మిగడూన్!' వాషింగ్టన్‌లోని కెనెడీ సెంటర్ వేదికెక్కింది. 2013లో రెండు సీజన్లకే ఆగిపోయిన 'స్మాష్' కూడా 2025లోనే బ్రాడ్‌వే నాటకమైంది. ఆ 25 పాటలు మాత్రం తెర మీద ఇంకా ఎవరూ వినలేదు.