కీళ్లవాతానికి క్యాన్సర్ మందు ఎలా వచ్చింది?

రుమటాయిడ్ కీళ్లవాతానికి డాక్టర్ మెథోట్రెక్సేట్ రాశాక, ఇంటికొచ్చి నెట్‌లో ఆ పేరు వెతికితే టెన్షన్ మొదలవుతుంది. 'క్యాన్సర్ మందు' అని ఉంటుంది మరి. అబద్ధమేమీ కాదు.

దీని పుట్టుకలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చెయ్యి ఉంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లం అనే బి విటమిన్‌ను (దీని సహజ రూపమే ఫోలేట్) తయారుచేసింది. ఆ తర్వాత దాన్నే పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే పదార్థాలనూ చేసింది. కణం కొత్త డీఎన్ఏ కట్టుకోవాలంటే ఫోలేట్‌ను పనికొచ్చే రూపంలోకి మార్చే ఎంజైమ్ ఒకటి కావాలి. దాని పేరు డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్. తాళంలో మారు తాళంచెవి ఇరుక్కున్నట్టు మెథోట్రెక్సేట్ లాంటి ఈ పదార్థాలు అందులో ఇరుక్కుంటాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వీటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను లుకేమియా అనే రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే, 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948లో వచ్చాయి. సుబ్బారావు చనిపోయిందీ ఆ ఏడాదే. మన దగ్గర ఆయన గురించి చెప్పేవాళ్లు కూడా అక్కడితోనే ఆపేస్తారు.

1951లో గబ్నర్ అనే అమెరికన్ వైద్యుడు, ఆయన సహచరులు అదే అమినోప్టెరిన్‌తో కీళ్లవాతం, సోరియాసిస్ అనే చర్మవ్యాధి తగ్గుతున్నాయని రాశారు. కీళ్ల వైద్యులు పెద్దగా పట్టించుకోలేదు. అంతకు ముందు ఏడాదే, కీళ్లవాతంలో వాపు తగ్గించే హార్మోన్ మందు కార్టిసోన్‌కు నోబెల్ వచ్చింది. అందరి కళ్లూ దానిమీదే. పైగా క్యాన్సర్ మందును కీళ్లనొప్పులకు ఇవ్వాలంటే ఎవరికైనా చెయ్యి వెనకాడుతుంది. అమినోప్టెరిన్ స్థానంలోకి వచ్చిన మెథోట్రెక్సేట్‌ను చర్మవైద్యులు మాత్రం వదల్లేదు. కీళ్లవాతం మీద గట్టి ప్రయోగాలు 1980ల దాకా జరగలేదు, అమెరికా అనుమతి 1988లో గానీ రాలేదు. దాదాపు నాలుగు దశాబ్దాలు! ఇది సైన్స్ జాప్యం కన్నా భయం చేసిన జాప్యమే అనిపిస్తుంది నాకు.

విచిత్రమేమిటంటే, కీళ్లవాతానికి ఈ మందుతోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాస్తారు. దుష్ప్రభావాలు తగ్గుతాయి, గుణం మాత్రం చాలావరకు నిలుస్తుంది. మందు పని ఫోలేట్‌కు అడ్డుపడటం ఒక్కటే అయితే అలా జరగకూడదు. ఏటీఐసీ అనే ఇంకో ఎంజైమ్‌నూ ఇది అడ్డుకుంటుందని, దానివల్ల వాపును అణిచే అడినోసిన్ పెరుగుతుందని బలమైన వాదన ఉంది. చర్చ ఇంకా తెగలేదు.

క్యాన్సర్‌కు వాడే పెద్ద మోతాదులతో పోలిస్తే కీళ్లవాతానికి ఇచ్చేది చాలా తక్కువ, అదీ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. అందుకే చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో, సోమవారమో బుధవారమో, పేరుతో సహా రాయించుకోవాలి.