అరిగిపోయే పూత పంటికెందుకు?

పుచ్చిన పన్ను శుభ్రం చేసి, సిమెంటు నింపాక డెంటిస్ట్ చివర్లో చిన్న బ్రష్షుతో దానిమీద ఏదో పల్చగా రాసి నీలి లైటు పెడతారు, గమనించారా? ఆ పూత మందం సుమారు 40 మైక్రాన్లు, వెంట్రుక మందం కూడా ఉండదు. పళ్ళు ఒకదానికొకటి తగిలే చోట గట్టి ఎనామిలే ఏడాదికి 30 మైక్రాన్ల దాకా అరుగుతుంది, ఇక మెత్తటి పూత సంగతి చెప్పాలా! మరి పోయేదాన్ని పూయడం ఎందుకు?

అసలు విషయం కింద ఉన్న సిమెంటులో ఉంది. దాని పేరు గ్లాస్ అయనోమర్, ఇంగ్లండులో విల్సన్, కెంట్ అనే ఇద్దరు తయారుచేసి 1972లో దంతవైద్యులకు పరిచయం చేశారు. గాజు పొడిని పాలీఅక్రిలిక్ ఆమ్లంతో కలిపితే ఆ ఆమ్లం గాజును కొంచెం కరిగించి కాల్షియం, అల్యూమినియం అయాన్లను బయటికి లాగుతుంది. కాల్షియం ముందే పని మొదలుపెడుతుంది కాబట్టి నాలుగైదు నిమిషాల్లో సిమెంటు గట్టిపడినట్టే కనిపిస్తుంది, కానీ నిజమైన బలం ఇచ్చే అల్యూమినియం నింపాదిగా వస్తుంది, దాని పని ఒక రోజు దాటినా పూర్తికాదు. ఈలోగా లాలాజలం తగిలితే ఆ అయాన్లు కొట్టుకుపోయి పైభాగం సుద్దలా మెత్తబడుతుంది. సరే, పొడిగా ఉంచుదామంటే లోపలి నీరు ఆవిరై పగుళ్ళు పడతాయి. తడిసినా తంటాయే, ఎండినా తంటాయే.

అంటే ఈ పూత కవచం కాదు, సిమెంటు కుదురుకునే దాకా కాపలా.

పూర్వం వాసెలిన్ రాసేవారు, అది నాలుక తగలగానే పోతుంది. వార్నిష్ వాడితే అందులోని ద్రావకం ఆరేటప్పుడు సన్నని రంధ్రాలు మిగులుతాయి. లైటుతో గట్టిపడే రెజిన్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) పూత ఈ రెంటికన్నా నయం, ఎందుకంటే అది పైన నిలవడమే కాకుండా, కలిపేటప్పుడు చిక్కుకున్న గాలి బుడగల గుంటల్లోకి, సన్నని పగుళ్ళలోకి దిగుతుంది. అరుగుదల మొదలయ్యేది సరిగ్గా అక్కడే: నమిలేటప్పుడు గుంట అంచు విరుగుతుంది, గాజు రేణువు ఊడుతుంది, ఊడిన రేణువు మళ్ళీ పక్కదాన్ని గీకుతుంది. కొన్ని పూతల్లో అతి సన్నని సిలికా కలుపుతారు, పూత కొంచెం ఎక్కువ కాలం నిలవాలని.

ఇందులో చిన్న మెలిక ఉంది. ఈ సిమెంటుకున్న మంచి పేరంతా ఫ్లోరైడ్ వదులుతుందనే కదా, పూత వేస్తే మొదట్లో అది తగ్గుతుంది. నాకైతే ఈ బేరం ఫర్వాలేదనిపిస్తుంది, పూత అరిగేకొద్దీ ఫ్లోరైడ్‌కు దారి తెరుచుకుంటుంది కాబట్టి.

కాంపోజిట్ అనే పంటి రంగు రెజిన్ ఫిల్లింగుకు ఈ లెక్క వర్తించదు. అది లైటు పెట్టగానే చాలావరకు గట్టిపడుతుంది, దానికి కాపలా అక్కర్లేదు. అక్కడ పూత పని నునుపు చేసేటప్పుడు పడిన గీతల్ని పూడ్చడమే, ఆ లాభం కూడా పూత ఉన్నంతకాలమే.